ఫోన్‌కి మార్కులు వేస్తున్నాం సరే, గోడలో తీగకి ఎవరు వేస్తారు?

రింగ్ వచ్చిన ప్రతిసారీ రీస్టార్ట్ అయ్యే ఫోన్‌ని ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. స్మార్ట్‌ఫోన్ కాదు, బల్ల మీద పెట్టుకునే ఆఫీసు ఐపీ ఫోన్. కలర్ స్క్రీన్, హెచ్‌డీ వాయిస్, స్పీకర్, అన్నీ ఉన్నాయి. ఊరికే ఉన్నంతసేపూ టైమ్, డేట్ చూపిస్తూ బుద్ధిగా కూర్చుంటుంది. ఎవరైనా ఫోన్ చేశారో, స్క్రీన్ ఒక్కసారి వెలుగుతుంది, రింగ్ సగం వినిపిస్తుంది, అంతే, నల్లగా ఆరిపోయి మళ్లీ కంపెనీ లోగోతో మొదలవుతుంది. ఫోన్ చేసినవాడు "స్విచాఫ్ చేశారండీ" అనుకుని పెట్టేస్తాడు.

ఇది తోట్లవల్లూరులో మా బాబాయి వాళ్ల కొట్టు కథ. ఎరువులు, పురుగుమందులు అమ్ముతారు. సీజన్‌లో పసుపు, కంద కొంటారు. ముందు ఆఫీసు గది, అక్కణ్నుంచి 60 మీటర్ల దూరంలో కాటా గది, ఇంకా వెనక్కి వెళ్తే 130 మీటర్ల దగ్గర గోడౌన్. పాత ఇంటర్‌కమ్ పీకించి కొత్త ఐపీ ఫోన్లు పెట్టించారు. కాటా గది ఫోన్‌తో మొదటి వారం నుంచే గోల. ఫోన్‌లో లోపమని మార్చారు. రెండోది కూడా అంతే. ఇంటర్నెట్ స్లో అని ప్లాన్ పెంచారు. అయినా అంతే. మే నెలలో నేను విజయవాడ నుంచి వెళ్తే బాబాయి మొదటి మాటే, "ఒరేయ్, నువ్వు ఫోన్ల గురించి రాస్తావు కదా, ఇదేం ఫోన్‌రా? మధ్యాహ్నం అయితే అసలు పలకదు. పాత డబ్బాయే నయం" అన్నారు.

మధ్యాహ్నం అయితే పలకదు అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఇంటర్నెట్‌కి ఎండ దెబ్బ తగలదు. తీగకి తగులుతుంది.

ముందు ఇంటర్నెట్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మనలో చాలామంది మొదట దాని మీదే పడతాం. ఐపీ ఫోన్‌లో మామూలుగా వాడే జీ.711 కోడెక్‌కి మాట కోసం సెకనుకి 64 కిలోబిట్లు కావాలి. పైన హెడర్లన్నీ కలిపి ఈథర్నెట్ మీద ఒక దిశలో 87 కిలోబిట్ల చిల్లర. అంటే 10 ఎంబీపీఎస్ లైన్ మీద కూడా ఆ కొట్టులో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. బాబాయి ప్లాన్ పెంచడం వల్ల లాభపడింది ఓటీటీలో సినిమాలు చూసే మా తమ్ముడు మాత్రమే.

ఇక తీగ. కాటా గది ఫోన్‌కి కరెంటు ఎలా వస్తోందో చూస్తే విషయం బయటపడింది. ఆ గదిలో ప్లగ్ దూరంగా ఉందని, ఫోన్‌తో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్‌ని ఆఫీసు గదిలోనే పెట్టేశారు. నెట్‌వర్క్ కేబుల్‌లో ఖాళీగా ఉన్న రెండు జతల మీద, నీలం జతలో వెళ్లి గోధుమరంగు జతలో వచ్చేలా, ఆ 12 వోల్టులనే కాటా గదికి పంపించారు. ఆన్‌లైన్‌లో ఈ ఇంజెక్టర్ ముక్కలు చాలా చవగ్గా దొరుకుతాయి, పేరు కూడా పీఓఈ అనే రాసి ఉంటుంది. అసలు పీఓఈకీ దీనికీ ఉన్న సంబంధం ఫాస్ట్ చార్జర్‌కీ గోడ గడియారం బ్యాటరీకీ ఉన్నంతే.

కేబుల్ అవతలి కొసన ఒక జతలోని రెండు తీగలనీ కలిపి, ఇవతల మల్టీమీటర్ పెట్టాను. 20 ఓమ్‌లు. 0.5 మిల్లీమీటర్ల మంచి రాగి తీగ అయితే రానూపోనూ కిలోమీటరుకి దాదాపు 168 ఓమ్‌లు ఉంటుంది. ఆ లెక్కన 60 మీటర్లకి 10 రావాలి. రెట్టింపు వచ్చింది! చాకుతో తీగని గీకితే పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం. పైన రాగి పూత.

ఇప్పుడు చిన్న లెక్క. స్కూల్లో చదివిన ఓమ్ సూత్రమే, భయపడకండి. వెళ్లే జతలో రెండు తీగలు, వచ్చే జతలో రెండు తీగలు పక్కపక్కన పనిచేస్తాయి కాబట్టి మొత్తం దారి రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు 2 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 0.2 ఆంపియర్ల కరెంటు, తీగలో 2 వోల్టులు పోతాయి, ఫోన్ దగ్గర 10 వోల్టులు మిగులుతాయి. ఫోన్ సర్దుకుపోతుంది. రింగ్ వచ్చింది. స్క్రీన్ వెలగాలి, స్పీకర్ మోగాలి, 4 వాట్లు కావాలి. ఇక్కడే చిక్కంతా. 10 ఓమ్‌ల దారిలో 12 వోల్టులు పెట్టి అవతలికి పంపగలిగే గరిష్ఠ పవర్ 3.6 వాట్లు. అంతకంటే ఎక్కువ లాగితే వోల్టేజ్ కుప్పకూలుతుంది తప్ప పవర్ పెరగదు. ఫోన్ అడిగింది 4. అందుకే ఆరిపోతోంది. ఆరిపోగానే లోడ్ తగ్గుతుంది, వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, లోగో వస్తుంది. ఫోన్ తప్పు వీసమెత్తు కూడా లేదు.

మధ్యాహ్నం కథ కూడా అదే. రాగికైనా అల్యూమినియానికైనా ఒక్కో డిగ్రీ వేడికి రెసిస్టెన్స్ సుమారు 0.4 శాతం పెరుగుతుంది. రేకుల షెడ్డు కింద నుంచి వెళ్లే తీగ పొద్దున 30 డిగ్రీల దగ్గర ఉండి మధ్యాహ్నానికి 55కి చేరితే, రెసిస్టెన్స్ పది శాతం పెరిగినట్టే. అసలే అంచు మీదున్న ఫోన్‌కి ఆ పది శాతం చాలు.

అదే 60 మీటర్లు మంచి రాగి అయి ఉంటే దారి 5 ఓమ్‌లే. 4 వాట్లు లాగినా ఫోన్ దగ్గర 10 వోల్టులు ఉండేవి. పని జరిగిపోయేది. ఇక ఇదే చెత్త తీగ మీద 12 బదులు 48 వోల్టులు పంపి ఉంటే? 4 వాట్లకి పోయేది ఒక వోల్టు కూడా కాదు. తీగ అదే, ఫోన్ అదే.

48 వోల్టులు అన్న ఈ సంఖ్యని గుర్తుపెట్టుకోండి, దీని మీద నాకు కొంచెం ప్రేమ ఉంది. పాత ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజ్ బ్యాటరీ 48 వోల్టులు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ పీఓఈ కూడా ఆ చుట్టుపక్కలే, 44 నుంచి 57 వోల్టుల మధ్య. 2021లో యూఎస్‌బీ పవర్ డెలివరీ 3.1 వచ్చి 240 వాట్లు ఇస్తామన్నప్పుడు ఎంచుకున్న పై వోల్టేజ్ ఎంతో తెలుసా? 48. ముట్టుకుంటే ప్రాణాపాయం లేనంత తక్కువ, సన్నటి తీగలో దూరం వెళ్లగలిగినంత ఎక్కువ. నూరేళ్ల కిందటి టెలిఫోన్ ఇంజనీర్లూ, మొన్నటి లాప్‌టాప్ చార్జర్ ఇంజనీర్లూ ఒకే చోటికి వచ్చి ఆగారు. పాత ఎక్స్ఛేంజ్‌లో ఇంకో తమాషా ఉంది. అది మైనస్ 48. పాజిటివ్‌ని భూమికి కలుపుతారు. అలా చేస్తే తడి నేలలో పాతిన రాగి తీగ తుప్పు పట్టి అరిగిపోవడం తగ్గుతుంది. ఏడాదిలో సగం రోజులు నేల చెమ్మగా ఉండే కృష్ణా డెల్టా లాంటి చోట ఆ ఆలోచన విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మన సైట్ చదివేవాళ్లకి ఇది కొత్త విషయం కూడా కాదు నిజానికి. ఒప్పో వూక్ వచ్చిన కొత్తలో 5 వోల్టుల దగ్గరే 4 ఆంపియర్లు పంపడానికి ప్రత్యేకమైన లావు కేబుల్ ఇచ్చారు. ఆ కేబుల్ పోతే మామూలు కేబుల్‌తో ఫాస్ట్ చార్జింగ్ రాదని అందరం నేర్చుకున్నాం. టైప్-సీలో 5 ఆంపియర్లు కావాలంటే చిప్ ఉన్న కేబుల్ కావాలని కూడా తెలుసు. మీటరు పొడవు కేబుల్ గురించి ఇంత పట్టించుకునే మనం, 60 మీటర్ల కేబుల్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి లాగించెయ్ అన్నా" అంటాం. నాకు అర్థం కానిది ఇదే.

అసలు పీఓఈ లెక్క ఎంత పద్ధతిగా ఉంటుందో చూడండి. పంపే వైపు కనీసం 44 వోల్టులు, 350 మిల్లీఆంపియర్లు. గుణిస్తే 15.4 వాట్లు. దారిలో తీగ 20 ఓమ్‌ల వరకు ఉండొచ్చు అనుకున్నారు, అంటే 7 వోల్టులు తీగే తినేస్తుంది. మిగిలింది 37. దాన్ని 350 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 12.95. స్పెసిఫికేషన్ షీట్లలో కనిపించే ఆ వింత 12.95 వాట్లు అలా పుట్టింది. తీగ ఎంత తింటుందో ముందే లెక్కగట్టి, అది పోగా మిగిలిందే నీది అని ఫోన్‌కి చెప్పారు. పైగా స్విచ్ ముందు చిన్న వోల్టేజ్‌తో పలకరించి, అవతల ఉన్నది పీఓఈ పరికరమేనా అని తెలుసుకుని, అప్పుడే పూర్తి కరెంటు వదులుతుంది. ఆ చవక ఇంజెక్టర్‌కి ఇవేమీ తెలియవు.

అలాగని పీఓఈ స్విచ్ కొంటే అంతా అయిపోయినట్టు కాదు. డబ్బా మీద "8 పోర్టులు పీఓఈ" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో మొత్తం బడ్జెట్ 60 వాట్లో 65 వాట్లో ఉంటుంది. ఎనిమిది పోర్టులకీ 15.4 చొప్పున ఇవ్వాలంటే 123 వాట్లు కావాలి. మామూలు డెస్క్ ఫోన్లు రెండు నుంచి ఆరు వాట్ల మధ్యే లాగుతాయి కాబట్టి ఎనిమిది ఫోన్లకి 60 సరిపోతుంది. కానీ అదే స్విచ్‌కి రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు, ఒక తిరిగే సీసీ కెమెరా తగిలించి చూడండి, చివర పెట్టిన ఫోన్ మేల్కోదు. మళ్లీ "ఫోన్ పాడైపోయింది".

ఇప్పుడు నా అసలు కోపం. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ, దుకాణాల్లో సీసీఏ అంటారు, దాన్ని క్యాట్ 5ఈ, క్యాట్ 6 అని ముద్ర వేసి అమ్మడం. ఆ కేటగిరీల ప్రమాణం ప్రకారం లోపల తీగ పూర్తి రాగి అయి ఉండాలి. సీసీఏ ఉన్న మరుక్షణం అది క్యాట్ 6 కాదు, క్యాట్ ఏదీ కాదు. అల్యూమినియం కరెంటుని మోసే శక్తి రాగిలో 60 శాతం చిల్లర మాత్రమే. పైగా చాలా వాటిలో తీగని కూడా కాస్త సన్నం చేస్తారు. మా బాబాయి కేబుల్‌లో రెసిస్టెన్స్ రెట్టింపు అవ్వడానికి ఈ రెండూ కలిసి కారణం. ఇంకోటి, అల్యూమినియం పెళుసు. రెండుసార్లు వంచి క్రింప్ చేస్తే లోపల విరుగుతుంది. విరిగినా పూత ఆనుకుని ఉండి ఒకరోజు పనిచేసి ఇంకోరోజు మానేస్తుంది. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడానికి పట్టే టైమ్‌తో పోలిస్తే కేబుల్‌లో మిగిల్చిన డబ్బు ఎంత?

ఎలక్ట్రీషియన్‌ని తిట్టడం తేలిక. నేను తిట్టను. అతనికి కొట్టువాడు ఇచ్చిన డబ్బా మీద క్యాట్ 6 అనే ఉంది. ధర తక్కువ ఉన్నది తెమ్మని చెప్పింది మా బాబాయే. తిట్టాలంటే ఆ ముద్ర వేసినవాణ్ని తిట్టాలి, ఫోన్ రివ్యూలో కెమెరా గురించి పేజీలు రాసి కేబుల్ గురించి ఒక్క లైను కూడా రాయని నాలాంటివాళ్లని కూడా.

కొనేముందు చూసుకోవడం కష్టమేం కాదు. 305 మీటర్ల డబ్బా ఎత్తి చూడండి, రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్లకి పైనే, చేతికే తెలిసిపోతుంది. కొస గీకి చూడండి. కేబుల్ మీద ప్రతి మీటరుకీ అంకె ముద్రించి ఉంటుంది, మొదటి అంకె, చివరి అంకె రాసుకుంటే ఎన్ని మీటర్లు వాడారో ఎవరూ అబద్ధం చెప్పలేరు. లాగాక మల్టీమీటర్‌తో లూప్ కొలవండి, వంద మీటర్లకి 17 నుంచి 19 ఓమ్‌ల మధ్య ఉండాలి. మీటర్ తీగల సొంత రెసిస్టెన్స్ తీసేయడం మర్చిపోకండి. బిల్లు మీద "పూర్తి రాగి" అని రాయమని అడగండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

కాటా గదికి రాగి కేబుల్ మార్చి, అసలైన పీఓఈ స్విచ్ పెట్టాం. అది అయిపోయింది. గోడౌన్ దగ్గర మాత్రం బాబాయికీ నాకూ పెద్ద వాదనే జరిగింది.

130 మీటర్లు. ఈథర్నెట్ కేబుల్‌కి హద్దు వంద మీటర్లు. గోడల్లో 90, రెండు కొసల్లో ప్యాచ్ కేబుళ్లకి 10. ఎంత మంచి రాగి అయినా అంతే. ఆ మాట చెబితే బాబాయి నవ్వి, "పాత ఇంటర్‌కమ్ ఇరవై ఏళ్లు అక్కడ మోగిందిరా, రెండు తీగలతో" అన్నారు. ఆయన మాట నిజం. గోడౌన్ దాకా నేలలో పైపులో 0.5 మిల్లీమీటర్ల పాత టెలిఫోన్ జత ఇంకా ఉంది.

ఇక్కడ డిజిటల్ ఆఫీసు ఫోన్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఐపీ ఫోన్లు వచ్చాక మనం వాటిని పూర్తిగా మర్చిపోయాం. ఈపీఏబీఎక్స్‌కి తగిలించే డిజిటల్ కీఫోన్ ఒక్క జత మీదే మాటనీ డేటానీ కరెంటునీ తీసుకుంటుంది. మాట హ్యాండ్‌సెట్ దగ్గరే అంకెలుగా మారిపోతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ఒకరి ఫోన్ ఇంకొకరి డబ్బాకి పనిచేయదు, అదే దాని పెద్ద లోపం. కానీ దూరంలో ఈథర్నెట్ దీని ముందు నిలవదు. వందల మీటర్లు వెళ్తుంది. ఎంత దూరమన్నది మాన్యువల్‌లో తీగ లావుని బట్టి ఉంటుంది. 0.5 మిల్లీమీటర్లకి ఒక అంకె, 0.4కి ఇంకా తక్కువ అంకె. సన్న తీగలో కిలోమీటరుకి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది మరి.

పాత అనలాగ్ ఫోన్‌కి లేని పట్టింపు ఒకటి డిజిటల్‌కి ఉంది. అనలాగ్ లైన్‌లో మధ్యలో ఎక్కడైనా కొమ్మ తీసి ఇంకో ఫోన్ తగిలించొచ్చు, హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి మోగేవి కదా, అలా. డిజిటల్‌లో అది కుదరదు. వాడకుండా వదిలేసిన కొమ్మ ఉన్నా సరే, సిగ్నల్ ఆ చివర దాకా వెళ్లి తగిలి వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌ని పాడుచేస్తుంది. ఒక ఫోన్‌కి ఒక జత, డబ్బా నుంచి నేరుగా, మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు లేకుండా. పాత బిల్డింగుల్లో డిజిటల్ ఫోన్లు పెట్టి "లైన్ కట్ అవుతోంది" అని బాధపడేవాళ్లు ముందు వెతకాల్సింది ఈ మర్చిపోయిన కొమ్మల్నే.

నా మొదటి సలహా ఫైబర్. గోడౌన్ దాకా డ్రాప్ ఫైబర్, రెండు వైపులా మీడియా కన్వర్టర్లు. ఇది పల్లెటూరు కదా అనుకోకండి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగి, నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామంటూ ఊళ్లలోకి వచ్చింది. దాని వెనకే మిగతావాళ్లూ వచ్చారు. ఇప్పుడు ఫైబర్ అతికే మిషన్ ఉన్న కుర్రాడి కోసం విజయవాడ దాకా వెళ్లాల్సిన పని లేదు. గాజు పోగుకి పిడుగు అంటదు, రెండు బిల్డింగుల ఎర్తింగ్ తేడాతో వచ్చే బాధ లేదు. మే నెలలో సాయంత్రం గాలివాన మొదలైతే కరకట్ట పక్క కొబ్బరిచెట్ల మీద ఏం పడుతుందో మాకు తెలుసు. రెండు బిల్డింగుల మధ్య ఈథర్నెట్ రాగి కేబుల్‌ని బయట వేలాడదీస్తే, ఏదో ఒకరోజు స్విచ్ మొత్తం కాలిపోతుంది. ఈ విషయంలో నేను రాజీపడను.

బాబాయి ఒకే ప్రశ్న అడిగారు. "కరెంటు పోతే?"

ఇది ఊరికే అడిగింది కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 40 వేల క్యూసెక్కుల పైన నీళ్లు వదిలినప్పుడు కిందున్న లంకలన్నీ మునిగాయి. పాములలంక లాంటి ఊళ్ల వాళ్లకి మామూలు రోజుల్లోనే ఏటి ఒడ్డుతో తంటా, ఆ రోజుల గురించి చెప్పేదేముంది. సెల్‌టవర్ కూడా బ్యాటరీ మీదా డీజిల్ మీదా ఆధారపడ్డదే, అవి అయిపోతే చేతిలో ఎంత ఖరీదైన ఫోన్ ఉన్నా టార్చిలైటే. పసుపు బస్తాలు ఎక్కడ దింపాలి, పశువుల్ని ఎక్కడ కట్టాలి అని జనం కొట్టు నంబరుకే చేశారట, ఎందుకంటే పదిహేనేళ్లుగా మారని నంబరు అదొక్కటే. గుమస్తా మారితే అతని మొబైల్ నంబరు అతనితోపాటే వెళ్లిపోతుంది. కొట్టు నంబరు కుర్చీకి అతుక్కుని ఉంటుంది. "స్మార్ట్‌ఫోన్ ఉండగా డెస్క్ ఫోన్ ఎందుకు బ్రో" అని కామెంట్ టైప్ చేస్తున్నవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఫైబర్ కరెంటుని మోయదు. గోడౌన్ కొసన కన్వర్టర్‌కీ ఫోన్‌కీ విడిగా యూపీఎస్ కావాలి. గోడౌన్‌లో పెట్టిన యూపీఎస్‌ని ఎవరు చూసుకుంటారు? రెండేళ్లకి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, వరద వచ్చిన రాత్రి ఆ సంగతి తెలుస్తుంది. పాత ల్యాండ్‌లైన్ గొప్పతనం ఇదే. మన ఇంట్లో కరెంటు లేకపోయినా ఎక్స్ఛేంజ్ బ్యాటరీయే ఫోన్‌ని నడిపేది. 1984లో పెట్టిన సీ-డాట్ మన పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజ్ చేసినప్పుడు ఏసీ గది లేకుండా నడవాలన్నది మొదటి షరతుల్లో ఒకటి. ఎండ, దుమ్ము, కరెంటు కోత, వీటిని ముందే లెక్కలో వేసుకున్నారు. మనం ఇప్పుడు "స్మార్ట్" అని కొంటున్న వాటిలో ఆ లెక్క ఉందా?

చివరికి నేనే తగ్గాను. ఆఫీసులో పెట్టిన ఐపీ పీబీఎక్స్ డబ్బాకి రెండు అనలాగ్ పోర్టులు ఉన్నాయి. ఒకదాని నుంచి ఆ పాత జత మీదే గోడౌన్‌కి మామూలు బటన్ల ఫోన్ ఇచ్చాం. 130 మీటర్లకి లూప్ 22 ఓమ్‌లు, 20 మిల్లీఆంపియర్ల లైన్ కరెంటుకి అర వోల్టు కూడా పోదు. లెక్క వేయడమే అనవసరం అన్నంత తేలిక. దానికి యూపీఎస్ అక్కర్లేదు, ఆఫీసు ఇన్వర్టర్ బతికి ఉన్నంతసేపూ అదీ బతికే ఉంటుంది. పిడుగు సంగతేంటి అంటారా? రెండు కొసల్లోనూ గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ ఉన్న ప్రొటెక్టర్ పెట్టి, మంచి ఎర్త్ ఇచ్చాం. టెలిఫోన్ లైన్‌కి ఈ రక్షణ దశాబ్దాలుగా ఉన్నదే. అయినా ఒకరోజు పెద్ద పిడుగు పడి దాటుకుని వస్తే? పోతే ఆ పోర్టు పోతుంది, మహా అయితే ఆ డబ్బా. పూర్తి రక్షణ అని నేను చెప్పను. తెలిసి ఒప్పుకున్న రిస్క్ అది. గ్యాడ్జెట్ సైట్‌లో బటన్ల ఫోన్‌ని మెచ్చుకుంటున్నందుకు ఎడిటర్ ఏమంటాడో చూడాలి.

ఇన్వర్టర్ లెక్క కూడా చెప్పేస్తాను, మీ ఇంట్లోనూ పనికొస్తుంది. స్విచ్, పీబీఎక్స్, ఫైబర్ డబ్బా, నాలుగైదు ఫోన్లు కలిపి 45 వాట్లు. ఇన్వర్టర్ తను తినేది కలుపుకుని 60 అనుకోండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగమే వాడుకుంటాం అనుకున్నా 900, అంటే 15 గంటలు. అదే ఇన్వర్టర్‌కి రెండు ఫ్యాన్లు, లైట్లు తగిలిస్తే ఈ లెక్క చెల్లదు. అందుకే ఫోన్ల లైన్‌ని వేరే చేశాం. రాత్రి ఉక్కపోత అని ఎవరైనా దానికి ఫ్యాన్ తగిలించకుండా బాబాయి ఆ ప్లగ్‌కి ఎర్ర టేపు చుట్టారు.

కేబుల్ లాగేటప్పుడు చూసుకోవాల్సినవి ఇంకో నాలుగున్నాయి, వేగంగా చెప్తాను. పదకొండు కిలోల బరువుకి మించిన బలంతో లాగకూడదు, జతల మెలికలు సాగిపోతాయి. కొసన మెలిక విప్పేది అర అంగుళం లోపే ఉండాలి. మూల తిప్పేటప్పుడు కేబుల్ లావుకి నాలుగు రెట్ల వంపు ఉంచాలి, మడత పెట్టకూడదు. కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ దూర్చకూడదు, జానెడు దూరం ఉంచి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి. ఇవి ఎక్కడైనా దొరికే మాటలు. ఎక్కడా దొరకనిది, మా గోడౌన్ నేర్పింది ఒకటుంది. పందికొక్కులు. ధాన్యం, తవుడు ఉన్నచోట కింద వేసిన కేబుల్‌కి అవే పెద్ద ఎలక్ట్రికల్ లిమిట్. పీవీసీ పైపు సరిపోదు, నేల నుంచి నడుము ఎత్తు దాకా ఇనుప పైపు వేయాల్సిందే. ఎత్తు ఎలాగూ కావాలి, నీళ్లు వస్తే స్విచ్ మునగకూడదు కదా. మా స్విచ్ తలుపు పైకమ్మీ కంటే ఎత్తులో ఉంది, రీసెట్ చేయాలంటే స్టూల్ ఎక్కాలి.

నేను అడిగేది రెండే. కేబుల్ అమ్మేవాళ్లు డబ్బా మీద తీగ లోహం, తీగ మందం, వంద మీటర్ల రెసిస్టెన్స్ మూడూ అచ్చువేయాలి. మొబైల్ బ్యాటరీకి ఎంఏహెచ్ లేకుండా ఎవడైనా అమ్ముతాడా? మనం కొంటామా? ఇక ఆఫీసు ఫోన్, వైఫై పాయింట్, సీసీ కెమెరా రివ్యూ రాసేవాళ్లు, ఇక నుంచి నాతో సహా, ఆ పరికరం ఊరికే ఉన్నప్పుడు ఎంత లాగింది, పూర్తి పనిలో ఎంత లాగింది, ఎన్ని మీటర్ల ఏ కేబుల్ మీద పరీక్షించాం అన్నది రాయాలి. వచ్చే నెల నుంచి నా టేబుల్ కింద 90 మీటర్ల రాగి చుట్ట ఒకటి, పక్కనే బాబాయి పీకించిన ఆ 60 మీటర్ల సీసీఏ చుట్ట ఒకటి ఉంటాయి. రివ్యూకి వచ్చిన ప్రతి ఐపీ ఫోన్‌నీ రెంటి మీదా మోగించి చూస్తాను.